ఫొటో లేని మనిషి

1958 ఎండాకాలం. బెంగళూరు చిక్కపేటలో ఒక తెలుగు వారపత్రిక ఆఫీసు. ఇంటర్మీడియట్ పరీక్షలు రాసి, ఫలితాలు వచ్చేలోగా రెండు నెలలు పత్రిక పని నేర్చుకుందామని అప్రెంటిస్‌గా చేరాను. చిక్కబళ్ళాపురంలో నేనెక్కిన రైలు ఎంత వేగంగా నడిచిందంటే, నందికొండ ఒక పూటంతా కిటికీలోంచి కదల్లేదు. ఆఫీసంటే మేడమీద ఒకటిన్నర గది. గదిలో ఎడిటరు గారు. అరగదిలో నేనూ, పాత సంచికలూ, వాటిని నాకంటే శ్రద్ధగా తిరగేసే ఎలుకలూ. ఒక్కొక్క ఎలుక మా ఊరు మండికల్‌లో కుందేలంత ఉండేది. కింద ప్రెస్సులో మిషను తిరిగితే పక్కవీధిలో ముసలివాళ్ల పళ్లు కదిలేవని నా గట్టి నమ్మకం.

నాకు అప్పగించింది మూడో పేజీ అడుగున వచ్చే 'తప్పిపోయినవారు' బాక్సు. చుట్టూ గీత గీసి వేసే చిన్న ప్రకటనను ప్రెస్సువాళ్లు బాక్సంటారు. కొత్తవాడు చెడగొట్టినా పత్రికకు వచ్చే ముప్పేమీ లేదని ఎడిటరు గారి ధైర్యం.

రెండో వారంలో గంగమ్మ వచ్చింది. నలభై దాటిన మనిషి, చింతామణి దగ్గర పల్లెలో సేద్యం చేసుకునే కుటుంబం. మెట్లెక్కిన ఆయాసం తీరకుండానే మొదలుపెట్టింది.

"మా యన్న నారాయణప్ప కనపడల్యాప్పా. మతి సరిగా లేదని మురుగమల్ల దర్గాకు పిల్చుకుని పోతిమి. తిరిగొచ్చేటప్పుడు చింతామణి బస్టాండులో నేను నీళ్లు తెచ్చేలోపల బెంగళూరు బస్సెక్కేసినాడంట."

"ఫొటో ఉండాదామ్మా?" నాకూ ఊరి మాట తన్నుకొచ్చింది.

"ఫొటోనా? వాడు వాని మొగం అద్దంలోనే ఎప్పుడూ చూసుకోలేదు."

ఇక మాటలతోనే మనిషిని చూపించాలి. ఆమె చెబుతుంటే రాసుకున్నాను. "పొట్టిగా, నల్లగా ఉంటాడు. ఎడమచెవి సగమే ఉండాది, చిన్నప్పుడు కుక్క కొరికింది. కుడికాలు ఈడుస్తాడు. ఎవరు పలకరించినా 'ఆవులొచ్చినాయా?' అంటాడు. ఇంకో మాటుండదు."

చుట్టాలింటి చిరునామా ఇచ్చి ఆమె వెళ్లాక చదువుకుంటే నాకు ప్రాణం ఉసూరుమంది. మా సీమ రైతును, పదిమందికి పెట్టిన ఇంటి మనిషిని, బెంగళూరు జనం ముందు చెవి తెగిన పిచ్చివాడిగా నిలబెట్టడమా? చిక్కబళ్ళాపురం నుంచి బాగేపల్లి దాకా అందరి పరువూ ఆ క్షణాన నా కలం మొనమీద వేలాడుతున్నట్టు అనిపించింది. నాకు వచ్చిన తెలుగంతా కుమ్మరించి ఇలా రాశాను: "ఆజానుబాహువు, గంభీరవదనుడు, మితభాషి, గోసంరక్షణాసక్తుడు అగు శ్రీ నారాయణప్ప గారు కొన్ని దినములుగా కానరాకున్నారు."

"శైలి ఉందయ్యా నీలో," అన్నారు ఎడిటరు గారు. నేను నేలకు జానెడు ఎత్తున నడిచాను. పేర్చిన అక్షరాలకు సిరా పూసి ముందుగా తీసే కాగితాన్ని ప్రూఫ్ అంటారు. తప్పులు దిద్దేది దానిమీదే. ఆ ప్రూఫును పదకొండుసార్లు చదివాను. అచ్చుతప్పు ఒక్కటి లేదు. నారాయణప్పే లేడు అందులో.

సంచిక వెలువడిన పన్నెండు రోజులకు గంగమ్మ మళ్లీ వచ్చింది. కొంగున కట్టుకున్న ఆ ప్రకటన ముక్క విప్పి నా ముందు పెట్టింది.

"మా బస్సులు నిలిచే కలాసిపాళ్యంలో హోటళ్లన్నీ తిరిగితినప్పా. ఒకాయప్ప మీ పత్రిక చదివేవాడే. 'ఇట్లాంటి దొర మా తావకు రాలేదమ్మా' అన్నాడు. 'ఒక పిచ్చాయప్ప మాత్రం పదిదినాలు మా వాకిట్లోనే పండుకున్నాడు. పొద్దున్నే ఆవులొచ్చినాయా అంటాంటే ఇడ్లీ పెడ్తాంటి. మొన్న ఎవరిదో లారీ ఎక్కి పోయినాడు' అన్నాడు."

ఆ మనిషి వాకిట్లో పడుకుని ఉండగానే హోటలాయన లోపల కూర్చుని నా శైలి చదివాడు.

"ఏం రాసినావప్పా? నాకు చదువు రాదు. ఒకతూరి చదువు."

చదివాను.

"ఆజానుబాహువంటే?"

"చేతులు మోకాళ్లదాకా... పొడుగు మనిషని."

"చెవి?"

"రాయలేదమ్మా."

"ఆవులు?"

'గోసంరక్షణాసక్తుడు' అన్న మాటమీద వేలు పెట్టాను. ఆమె తిట్టలేదు. చెంగుతో మొహం తుడుచుకుని, "మా యన్నను చానా బాగా రాసినావప్పా. ఇట్లొచ్చి నిలబడితే నేనే గుర్తుపట్టను," అంది.

ఆ సాయంత్రమే హోటలుకు పరుగెత్తాను. లారీ ఎవరిదో, ఎటు పోయిందో ఆయనకూ తెలియదు. తరువాతి సంచికలో గంగమ్మ మాటలు ఉన్నవి ఉన్నట్టు వేశాం. చెవి, కాలు, ఆవులు, అన్నీ. ఒక్క ఉత్తరం రాలేదు. ప్రతి శుక్రవారం ఆమె వచ్చేది. నేను తల అడ్డంగా ఊపేవాణ్ణి. కాసేపు గోడకానుకుని కూర్చుని వెళ్లిపోయేది.

నా గడువు ముగిసే రోజున, "ఇంకోసారి వేద్దామామ్మా?" అని అడిగాను.

"ఏమని వేస్తావప్పా? రెండు నెలలు కావస్తాంది. గడ్డం పెరిగుంటుంది, చిక్కిపోయుంటాడు. ఆవుల మాట కూడా మర్చిపోయినాడేమో. ఇప్పుడెట్లుండాడో నాకే తెల్దు."

తరువాత పత్రికల్లోనే స్థిరపడ్డాను. నా హాస్యవ్యాసాల్లో దోమ ఈ రోజుకీ కాకిని ఎత్తుకుపోతుంది. పాఠకులు నవ్వుతారు, నాకూ అదే కావాలి. కానీ తప్పిపోయినవారి ప్రకటన వస్తే, తెచ్చినవాళ్లు చెప్పిన మాటకు ఒక్క అక్షరం కలపను, కలపనివ్వను. మనిషి ఆనవాళ్లు రోజులు గడిచేకొద్దీ మారిపోతాయి, మొదటి వారమే సరిగ్గా వేయాలి అని కొత్తగా చేరినవాళ్లకు చెబుతాను. నారాయణప్పకు దక్కాల్సిన ఆ మొదటి వారాన్ని నేను మా సీమ పరువుకు ఇచ్చేశాను.