వేలంలో కొన్న ఇల్లు, ఆమె తెచ్చిన కాసులపేరు

మొన్న పింఛను పని మీద బ్యాంకుకు వెళ్తే, బాకీ కట్టలేనివాళ్ల ఇళ్లు వేలానికి ఉన్నాయంటూ రంగుల ఫోటోలతో ఒక కాగితం గోడకు అంటించి ఉంది. కొనేవాళ్లకు అప్పు కూడా అక్కడే ఇస్తారట. జనం చూసి వెళ్లిపోతున్నారు గానీ, నేను మాత్రం పక్కనున్న బెంచీ మీద కూలబడ్డాను.

డెబ్భైల చివరి సంగతి. మా ఆయనకు కాజీపేట రైల్వేలో ఫిట్టర్ పని, నేను చిన్నపిల్లల బడిలో పంతులమ్మను. వాన పడితే మంచం ఏ మూలకు జరపాలో తెలియని అద్దె గదిలో ఇద్దరు పిల్లలతో ఉండేవాళ్లం. ఒకరోజు ఆయన సైకిల్ గోడకు ఆనించి, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలో నిలబడి, "సుబేదారిల ఇల్లు పాట పాడిన. మనకే వచ్చింది. ఫికర్ చెయ్యకు" అన్నారు. హన్మకొండలో బట్టల దుకాణం పెట్టి దెబ్బతిన్న ఒక వ్యాపారికి అక్కడి సుబేదారి ప్రాంతంలో ఉన్న ఇంటిని బ్యాంకువాళ్లు వేలం వేస్తే, ఈయన నాతో ఒక్క మాటైనా అనకుండా పోస్టాఫీసులో దాచుకున్నదంతా తీసి, నాలుగో వంతు కట్టి వచ్చారు. మిగతాది పదిహేను రోజుల్లో కట్టకపోతే ఆ కట్టిందీ పోతుందట. 

ఇల్లు మీ పేరిట లేనిదే దాని మీద అప్పివ్వం అన్నారు బ్యాంకువాళ్లు. అప్పు పుట్టనిదే ఇల్లు మా పేరు మీదికి రాదు. ఆయన ప్రావిడెంట్ ఫండు నుంచి అప్పు తీశారు, పుస్తెలు తప్ప నా ఒంటి మీది బంగారమంతా పోయింది, స్టేషన్ ఘన్‌పూర్‌లో వ్యవసాయం చేసుకునే మా అన్న పాడి బర్రెను అమ్మి ఆ డబ్బు తువ్వాలలో మూటగట్టి తెచ్చాడు. అయినా మూడు వేలు తక్కువ, గడువు రెండు రోజులు. ఒక్క వారం ఆగమని మా ఆయన బ్యాంకులో బతిమాలినా వాళ్లు ఒప్పుకోలేదు.

ఆ మరునాడు పొద్దున్నే ఒక పెద్దావిడ ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, తాను ఆ వ్యాపారి భార్యనని చెప్పింది. శాపనార్థాలు పెట్టడానికే వచ్చిందనుకున్నాను. ఆమె మంచినీళ్లు అడిగి తాగి, కొంగుముడి విప్పి, కాసులపేరు నా ముందు పెట్టింది.

"నువ్వెవరివో నాకు ఎరుకలేదు బిడ్డా. మీకు పైసలు తక్కువైనయని మా ఆయన బ్యాంకుల విన్నడు. మీరు కట్టకపోతే మల్ల వేలమేస్తరు, మల్ల అంత పాట ఎవ్వరు పాడుతరు? ఇల్లు పాయె, బాకీ గూడ మా మెడకే ఉంటది. గిది కుదువవెట్టి కట్టుండ్రి."

కాగితం రాసిస్తామని మా ఆయన అంటే, "కాయిదాలు శాన జూసినం తియ్" అని లేచింది.

గడువు రోజునే డబ్బు కట్టేశాం. గృహప్రవేశానికి వెళ్తే ఇల్లంతా కడిగి ఉంది, వాకిట్లో ముగ్గు వేసి ఉంది. సొంతింటిని వదిలి వెళ్లిపోయే రోజున ఎవరు మాత్రం అలా చేస్తారు? కాసులపేరు విడిపించి ఆమె చేతికిచ్చేసరికి రెండున్నరేళ్లు పట్టింది. ఆ తర్వాత కూడా అటుగా వెళ్తూ గేటు దగ్గర నిలబడి పిల్లల చదువుల గురించి అడిగేది గానీ, ఎంత బతిమాలినా లోపలికి రాలేదు. అది పంతమనుకున్నాను, అప్పటికి నాది చిన్నతనం.

ఇప్పుడు అప్పు పుట్టించడానికి ఎవరింటికీ పోనక్కర లేదు, నాలుగు సంతకాలు చాలు. ఎవరి ఇల్లు కొంటున్నామో వాళ్ల ముఖమైనా చూడం. ఆనాటి ఆమె వయసు దాటిపోయాను. నా ఇల్లు పోతే, దాన్ని కొన్నవాళ్ల గుమ్మం దాకా నేను నడిచి వెళ్లగలనా అని ఎన్నోసార్లు అనుకున్నాను. వెళ్లగలనని ఇప్పటికీ గట్టిగా చెప్పలేను.