నీళ్లు ఆగిన చోటు వెతుక్కుంటూ బార్కస్ దాకా

మా గౌలిపుర వాగులో నీళ్లు ఆగిపోయి అప్పటికే ఎండాకాలం సగం గడిచింది. బర్రెలు కుళ్లిన బురదలో పొర్లి ఒంటినిండా పుండ్లు తెచ్చుకున్నాయి. మొర పెట్టుకోవడానికి సర్కారు దఫ్తర్‌కు వెళితే ఒక గుమాస్తా ఇంకొక గుమాస్తా దగ్గరికి పంపాడు, అతను మళ్లీ మొదటివాడి దగ్గరికే పంపాడు. మా అత్త ఎల్లమ్మకు ఓపిక నశించింది. "నీళ్లు ఏడ ఆగినయో మనమే పోయి చూద్దాం నడు," అంది.

యుద్ధం రోజులు. పెట్రోలు కరువై బస్సు ఎప్పుడొస్తుందో చెప్పలేం. అందుకని పొద్దున పాలు పోసి రాగానే ఆరణాలకు జట్కా మాట్లాడుకున్నాం. ఛత్రినాక దాటాక దారి వాగు పక్కనే సాగుతుంది. చల్లని దారి అనుకునేరు. ఒకచోట కూలిన గోడల రాళ్లు, ఇంకోచోట చిరిగిన పరుపులు, ఆ పైన చచ్చిన కుక్క.

"ఇది వాగా అమ్మా? నేను మురికి మోరీ అనుకున్న," అన్నాడు జట్కావాలా.

బార్కస్ జామతోటల దగ్గర నీళ్లు నిండుగా కనిపించాయి. అడ్డంగా మట్టికట్ట వేసి తోటకు మళ్లించారు. తోట యజమాని సాలెం భాయ్ తాతల కాలంలో అరబ్బు దేశం నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం వాడు. మమ్మల్ని చాప మీద కూర్చోబెట్టి చాయ్ ఇచ్చాడు.

"మా బర్రెలు సచ్చేటట్టున్నయి భాయ్. కట్ట తియ్యి," అంది అత్త.

"తీస్తే ఏం ఫాయిదా అమ్మా? మంచి నీళ్లను కచరల కలపాల్నా? ముందు సాఫ్ చెయ్యుండ్రి, గప్పుడు తీస్త."

నాకు ఒళ్లు మండింది. అతను అన్నదాంట్లో తప్పు లేదు గనుక ఇంకా మండింది.

తిరిగొచ్చి, వాగు శుభ్రం చేద్దాం రమ్మని ఇల్లిల్లూ తిరిగాం. ఆ చెత్త మాది కాదన్నారు అందరూ. చివరికి అత్త పార పట్టుకుని తానే దిగింది, వెనక నేను దిగాను. చూసి చూసి బర్రెలున్నవాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. వాగు శుభ్రపడగానే సాలెం భాయ్ తనకు కావలసినంత ఉంచుకుని మిగతా నీళ్లు వదిలాడు.

నీళ్లు చేరాయో లేదో చూడటానికి మర్నాడు మా గల్లీకి వచ్చాడు. సరిగ్గా అప్పుడే పక్కింటి బుచ్చమ్మ పేడగంప తెచ్చి వాగులో పోయబోయింది. అత్త ఆమె చెయ్యి పట్టుకుంది.

"మరి ఏడ పొయ్యాలె?" అంది బుచ్చమ్మ.

"నా తోటకు పంపుండ్రి. ఎరువు దొరకక పరేషాన్ అవుతున్న," అన్నాడు సాలెం భాయ్.

అత్త బుచ్చమ్మ చెయ్యి వదిలి అతని వైపు తిరిగింది. "గీ ముచ్చట గా దినమే చెప్పొద్దా భాయ్?"

ఇప్పుడు పేడబండి బార్కస్‌కు పోతోంది. బండి రాని రోజు గంపలు మళ్లీ వాగువైపే నడుస్తాయి, అత్త మళ్లీ గట్టు మీద నిలబడుతుంది. వాగును బాగుచేయడం ఒకసారి చేసి చేతులు కడుక్కునే పని అనుకున్నాను. కాదు, అది బర్రెకు మేత వేయడం లాంటిది. ఈ దారిన బార్కస్ వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క మాట: ఛత్రినాక దాటగానే జట్కా దిగి గట్టు మీద నడవండి. బండిలో కూర్చుంటే నీళ్లు ఎక్కడ ఆగాయో సగం కనబడదు.