నా పెద్దపిల్ల ఫోటో

ఫోటోలు మొదట ఎలా పుట్టాయో చెప్పమని మనవరాలికి స్కూల్లో ప్రాజెక్టు ఇచ్చారు. ఆదివారం, మా అమ్మాయి వాళ్లుండే హామిల్టన్‌లో మంచు పడుతోంది. హీటరు తగ్గించి, శాలువా కప్పుకుని మనవరాలి పక్కన కూర్చున్నాను. ల్యాప్‌టాప్‌లో ఒక పాతకాలపు వీధి ఫోటో చూపించింది.

"అప్పుడు పిక్చర్ రావడానికి చాలాసేపు పట్టేది అమ్మమ్మా. అందరూ మూవ్ అవుతున్నారు కదా, ఫోటోలో ఎవరూ పడలేదు. షూస్ పాలిష్ చేయించుకుంటున్న ఈయన ఒక్కడే పడ్డాడు."

"పనిమీద పోయేవాళ్లంతా మాయం, తీరిగ్గా నిలబడ్డవాడు మిగిలాడా? బాగుంది."

అంతకుముందైతే కాగితం మీద బొమ్మ పడేదట గాని నిలిచేది కాదట. చూద్దామని వెలుగులోకి తెస్తే నల్లబడిపోయేదట. తర్వాత ఏదో మందునీళ్లలో ముంచితే నిలుస్తుందని కనుక్కున్నారు.

"ఆ కెమికల్ మళ్లీ బాగా వాష్ చెయ్యాలి. లేకపోతే స్లోగా ఫేడ్ అయిపోతుంది," అంది.

లేచి వెళ్లి నా పెట్టె తెరిచాను.

నా పెద్దపిల్ల, అంటే దీని తల్లికి అక్క, రెండో ఏడు నిండకుండానే జ్వరంతో పోయింది. అంత పసివాళ్లకు మావైపు తద్దినం పెట్టరు, ఫోటోకు దండ వేసి గోడకు తగిలించరు. అందుకని ఆ ఒక్క ఫోటో పట్టుచీర మడతలోనే ఉండిపోయింది. సంతలో తీయించాం. నల్లగుడ్డ కప్పుకుని ఫోటో తీసిన మనిషి దాన్ని నీళ్ల బకెట్లో ఒక్కసారి ముంచి, తడితడిగానే చేతిలో పెట్టాడు. దానికి ఏనాడూ ఎండ తగలనివ్వలేదు. ఊరికే తీసి చూసుకుని ఏడవడం నాకు గిట్టదు, కాబట్టి చూసి కూడా చాలా ఏళ్లయింది.

ఇప్పుడు చూస్తే గౌను అంచు ఉంది, పిల్లను పట్టుకున్న నా చెయ్యి ఉంది. ఆ పైన అంతా పసుపుపచ్చ మరక.

"ఇప్పుడు కడిగితే?" అన్నాను.

"టూ లేట్ అమ్మమ్మా. అప్పుడే చెయ్యాలి. ఉండు, ఫోన్‌లో ఫేస్ తెప్పిస్తా."

ఫోటో తీసుకుని ఫోన్‌లో ఏవో నొక్కింది. మరక ఉన్నచోట బుగ్గల పిల్ల ఒకతి నవ్వుతూ వచ్చింది.

"పెద్దమ్మ ఇలాగే ఉండేదా?"

కాదందామని నోరు తెరిచాను. కాదంటే ఏది కాదో చెప్పాలి కదా. ముక్కా, కళ్లా, నుదురా? కళ్లు మూసుకుని వెతికాను. గౌను గుర్తొచ్చింది, ఒళ్లు కాలిపోవడం గుర్తొచ్చింది. ముఖం రాలేదు.

"ఏమోనే," అన్నాను.

"సేవ్ చెయ్యనా మరి?"

"నీ ఇష్టం."