ఇవ్వని జాబు

మొన్న రేణిగుంట విమానాశ్రయంలో మంచు విడిచేదాకా విమానం కదలదన్నారు. అందరూ విసుక్కుంటూ అద్దాల దగ్గరికి పోయి చూస్తుంటే, నేను అటు వీపు పెట్టి కూర్చున్నాను. మంచులోంచి మనిషి నడిచి రావడం నేను చూడలేను. కారణం చెబితే నవ్వుతారు, అయినా చెబుతాను.

డెబ్బైల చివర్లో మలేషియా నుంచి తిరుపతికి చదువుకోవడానికి వచ్చాను. మా రబ్బరు తోటల తెలుగు విని హాస్టలంతా నవ్వేది, చలికి నేను వణికేది చూసి ఇంకా నవ్వేది. బయల్దేరేటప్పుడు తాత అంటించిన కవరొకటి ఇచ్చి, ఐరాల దగ్గరి తన ఊరి పేరు చెప్పి, "మా ఇంట్లో ఎవురుంటే వాళ్లకియ్యి" అన్నాడు. డిసెంబరు సెలవుల్లో రూమ్మేటు మంకీ క్యాప్ అరువు తీసుకుని చిత్తూరు మీదుగా బస్సులో పోయాను. తెల్లవారుతోంది. గుట్టలు, మామిడి తోపులు, చెరకు తోటలు మంచులో ఒక్కొక్కటే తేలి మళ్లీ మునిగిపోతున్నాయి. ఇంత చక్కని చోటు వదిలి తాత ఎందుకు వచ్చేశాడా అనుకున్నాను.

బస్సు దిగినచోట బెల్లం వండుతున్నారు. అక్కడున్న పెద్దాయన్ని తాత పేరు చెప్పి ఇల్లు అడిగాను. ఆయన పాకం కలపడం ఆపేశాడు. "ఆయప్ప సచ్చి ముప్పై ఏండ్ల పైనే అయింది గదప్పా! పన్నెండేండ్లు జాబు రాకపోతే దర్భబొమ్మ జేసి కాల్చినారు. ఆడ పెండ్లామొకతే ఉండాది." మా తాత అప్పటికి నిక్షేపంలా ఉన్నాడు, రోజూ రేడియో కోసం మా అందరితో పోట్లాడేవాడు. ఆయనకిక్కడో భార్య ఉందన్నది మా నాయనమ్మకే తెలియదు.

మంచులోంచి నడిచి వెళ్లేసరికి ఇంటి ముందు చలిమంట దగ్గర తెల్లచీరలో ఒక అవ్వ కూర్చుని ఉంది. పెద్దావిడ కదా అని మర్యాదకు క్యాప్ తీశాను. తాత పోలిక నాదని ఇంట్లో అందరూ అనేవారు. ఆమె నన్ను అలాగే చూసింది. ఉలిక్కిపడలేదు.

"పెతి చలికాలం ఆ చెరుకు తోట కాడే నిలబడి పోతావే. ఈసారి ఇంత దగ్గిరికొచ్చినావేం?"

ఆమె లోపలికి వెళ్లి ఆకులో సంగటి ముద్ద తెచ్చి, నా చేతికివ్వకుండా నేలమీద పెట్టి వెనక్కి జరిగింది. జేబులో కవరు పట్టుకున్నాను. ఆయన బతికే ఉన్నాడని ఒక్క మాటంటే చాలు. కానీ ఆ బోసి నొసలు, ఆ ఉత్త చేతులు ఎదురుగా ఉండగా ఆ మాట ఎలా అనాలి? కూర్చుని తిన్నాను.

"ఆడ గూడా ఆకలైతాదా?" అంది మెల్లిగా.

తలూపాను.

"తినేసి పో. ఇంగ రావాకు. ఒంటిదాన్ని, బయపడలేను."

తిరుగు బస్సులో కవరు చించాను. రెండే ముక్కలు: "బాగుండాను. నువ్వు బొట్టు తీయొద్దు." నలభై ఏళ్లు ఆలస్యంగా రాసిన జాబు. ఆ ఇంట్లో ఎవరూ లేరని తాతకు ఉత్తరం రాశాను.

ఆయన మరో ఏడేళ్లు బతికాడు. ఆ ఏడేళ్లూ ఒక ఊళ్లో బతికున్న మనిషిగా, ఇంకో ఊళ్లో చచ్చిపోయిన మనిషిగా ఆయనకు కాలం గడిచిపోయింది. రెండూ తెలిసి నోరు మూసుకున్న నాకు మాత్రం అది ఇంకా గడవలేదు.