మసాజ్ అనే రాసియ్యండి

రుక్మిణి మణుగూరు దగ్గరి తండాలో పుట్టింది. ఇంటర్ తప్పాక హైదరాబాదు వెళ్లి, ఒక ఆయుర్వేద కేంద్రంలో తువ్వాళ్లు ఉతికే పనికి కుదిరింది. అక్కడ పనిచేసే కేరళ ఆవిడ ఆమె చేతుల్లోని బలం చూసి మసాజ్ నేర్పింది. తర్వాత రుక్మిణి శిక్షణకు వెళ్లి సర్టిఫికెట్టు కూడా తెచ్చుకుంది. నడుము పట్టేసినవాళ్లు, బాలింతలు, మెడ తిప్పలేని కంప్యూటరు ఉద్యోగినులు ఆమె పేరు చెప్పి మరీ వచ్చేవారు.

ఒక మధ్యాహ్నం ఆ వీధిలో ఏదో పార్లర్ మీద ఫిర్యాదు వస్తే పోలీసులు అన్నింటినీ తనిఖీ చేశారు. రుక్మిణి పనిచేసే చోట వేరే తప్పేమీ దొరకలేదు గానీ, యజమాని బ్యూటీ పార్లర్ లైసెన్సు మీద మసాజ్ నడుపుతున్నాడని తేలింది. ఆడవాళ్లందరినీ స్టేషన్‌కు తీసుకెళ్లి, వివరాలు రాసుకుని సాయంత్రానికి పంపేశారు. అంతకుముందు పోలీసు వ్యాను ఎక్కేటప్పుడు జనం ఫోన్లు ఎత్తి వీడియోలు తీస్తుంటే మిగతా అమ్మాయిలు ముఖాలకు చున్నీలు చుట్టుకున్నారు. రుక్మిణి చుట్టుకోలేదు.

"నేనేం తప్పు చేసిన అని దాచుకోవాలె?" అంది.

ఆ తర్వాత ఆమె సొంత ఊరి వైపుకే వచ్చేసింది. తండాకు దగ్గర్లోని గనుల పట్టణంలో మెయిన్ రోడ్డు మీద షాపు పెట్టుకునే ఒక మడిగె కిరాయికి మాట్లాడుకుంది. దాని యజమాని వెంకటప్పయ్య గనిలో పనిచేసి రిటైరైన మనిషి.

"మసాజ్ అంటే నలుగురు నాలుగు తీర్ల అనుకుంటరు బిడ్డా. బ్యూటీ పార్లర్ అని రాసుకో. లైసెన్సు జల్దీ వస్తది," అన్నాడాయన.

"వద్దు పెద్దయ్యా. నేను చేసేది మసాజ్. కాయితంల గదే ఉండాలె. రేపు ఎవరన్నా వచ్చి అడిగితే గట్టిగ మాట్లాడే మొఖముండాలె గదా."

పురపాలక కార్యాలయంలో శానిటరీ ఇన్‌స్పెక్టర్ నాగలక్ష్మి దరఖాస్తు చదివి తలెత్తింది. "ఈ పేరుతోని ఇక్కడ ఎవరూ అడగలేదమ్మా. పైనుంచి జవాబు రావాలె. అప్పటిదాకా తెరవొద్దు."

"తెరవను మేడం."

అన్నట్టే తెరవలేదు. నొప్పులని వచ్చినవాళ్లను కూడా లైసెన్సు వచ్చాక రమ్మని పంపేసింది. ఇల్లు గడవడానికి పత్తి ఏరే కూలికి వెళ్లింది. మిరపకాయ కోతకు కూలి ఎక్కువే వచ్చేది, కానీ ఆ ఘాటు వేళ్లకు పడితే ఒక పట్టాన వదలదు. జవాబు రేపే వస్తే ఆ చేతులతో మనుషుల ఒళ్లు ఎలా పట్టుకుంటుంది? తోటి కూలీలు నవ్వితే తానూ నవ్వేది.

పత్తి చివరి ఏరుడు నడుస్తుండగా జవాబు వచ్చింది. తనిఖీ చేసి, నిబంధనల ప్రకారం ఉంటే ఇవ్వవచ్చన్నారు. నాగలక్ష్మి తనిఖీకి వచ్చిన రోజు పక్క మందుల షాపు బసవపున్నయ్య కూడా వెంట వచ్చాడు. ఇక్కడ మసాజ్ సెంటర్ వద్దని అర్జీ పెట్టింది ఆయనే.

గోడకు పైన గాలి రంధ్రం కావాలంది నాగలక్ష్మి. మనిషి మనిషికీ ఉతికిన దుప్పటి మార్చాలంది. రుక్మిణి అన్నిటికీ అవ్ అంది. లోపలి గది తలుపుకు గడియ తీసెయ్యమనేసరికి మాత్రం ఆగింది.

"గడియ లేకుంటే బట్టలు మార్చుకునే ఆడమనిషికి భయం కాదా మేడం?"

"మసాజ్ గదికి లోపల గడియ ఉండొద్దని రూలు. ఉంటే నేను సంతకం పెట్టలేను."

రుక్మిణి తలుపునూ ముందు గదినీ ఒకసారి చూసింది. "ఆడవాళ్లకే చేస్తున్న. లోపల నిండుగ పరదా కడత. ముందు గదిల ఎప్పుడూ ఒక ఆడమనిషి కూసుంటది, దాటి ఎవరినీ రానియ్యదు. గప్పుడు గడియ తీసేస్త. నడుస్తదా?"

నాగలక్ష్మి గది నాలుగు మూలలా చూసి తలూపింది.

బసవపున్నయ్య ఊరుకోలేదు. "రేపు ఎవడన్నా తాగొచ్చి గొడవ చేస్తే ఏంది?"

"మీరు పక్కనే ఉంటరు గదా అన్నా. పిలుస్త. రావాలె."

నాగలక్ష్మి నవ్వు ఆపుకుంటూ సంతకం పెట్టింది.

లైసెన్సు వచ్చాక మొదట వచ్చింది ముత్తక్క. అడవి పక్క గూడెంలో ఉంటుంది. భుజం పట్టేసి చెయ్యి లేవక కొప్పు కూడా కోడలే పెట్టేది. దవాఖానాలో ఎముకలకు ఏమీ కాలేదన్నారు. రుక్మిణి తొందరపడకుండా, పట్టిన చోటును కొంచెం కొంచెంగా వదిలిస్తూ పోయింది. కొన్నాళ్లకు ముత్తక్క తన కొప్పు తానే ముడేసుకుని వచ్చి, అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుంది. తర్వాత గూడెం ఆడవాళ్లు ఆటో మాట్లాడుకుని రాసాగారు. బసవపున్నయ్య భార్య కూడా మోకాళ్లకు వస్తోంది.

ఇప్పుడు ఈ పని మీద దరఖాస్తు పెట్టేవాళ్లను నాగలక్ష్మి ముందు రుక్మిణి గది చూసి రమ్మంటోంది. పని పెరగడంతో రుక్మిణి పక్క గది కూడా తీసుకుంది. ఆ మధ్య తండా నుంచి జ్యోత్స్న అనే అమ్మాయి పని నేర్చుకుంటానని వచ్చింది.

"ఇంట్ల ఏమని చెప్పాలె అక్కా?" అని మెల్లగా అడిగింది.

"మసాజ్ నేర్చుకుంటున్న అని చెప్పు. మీ నాయిన నమ్మకుంటే తోల్కరా, చూసి పోతడు."

వాళ్ల నాయన వచ్చాడు. గదులు చూశాడు, టీ తాగాడు, సోమవారం నుంచి పంపిస్తానని చెప్పి బస్సెక్కాడు.