పేరు లేని ప్రార్థన

ఈ ఉదయం మా వీధి ఇస్త్రీ బండి మీద గంజి పెట్టిన తెల్ల చీర ఒకటి పరిచి ఉంది. పెట్టె ఆనగానే లేచిన ఆవిరి వాసనకు నా కాళ్ళు ఆగిపోయాయి. గుడిలో కరుణమ్మ గారు పక్కన మోకరించినప్పుడు వచ్చే వాసన అది. ఆమె ప్రభువు దగ్గరికి వెళ్ళి ఏడాది దాటింది. రామచంద్రపురంలో మా సంఘపు స్త్రీల కూటాన్నీ, పిల్లల ఆదివారపు బడినీ ఆమే నడిపేవారు. భర్త ఎప్పుడో పోయారు, పిల్లలు లేరు. ఎన్నో ఇళ్ళ కష్టాలు ఆమెకు తెలుసు. ఒక ఇంటి సంగతి ఇంకో ఇంట్లో ఆమె నోట విన్నవారు మాత్రం లేరు.

కూటంలో ఆమె ప్రార్థన తీరే వేరు. "ప్రభువా, నీ బిడ్డ ఒకామెకు అన్నం సహించడం లేదు, ఆదరించు" అనేవారు. పేరు ఉండదు. మా పిన్ని సరోజిని ఒకసారి ఉండబట్టలేకపోయింది.

"ఏంటండీ అమ్మగారూ, దేవుడికి కూడా అడ్రసు చెప్పరా? ఎవరో తెలిస్తే మేమూ గట్టిగా ప్రార్థిస్తాం కదండీ."

"ఆయనకి తెలుసు సరోజినీ. అడ్రసు అడిగేది నువ్వే."

"అంతేలెండి, మా అల్లుడి తాగుడు సంగతీ ఇలాగే దాచారు" అనేసి పిన్ని నాలుక కరుచుకుంది. చాపల మీద ఆడవాళ్ళంతా నవ్వుతుంటే కరుణమ్మ గారు పాటల పుస్తకంలో తల దాచుకున్నారు.

అమ్మ చనిపోయాక నాకు నిద్ర పట్టేది కాదు. బడిలో లెక్కలు చెబుతూ చెబుతూ ఊరికే ఏడుపు వచ్చేది. కాలవ గట్టున నడుస్తుంటే నీళ్ళు పిలుస్తున్నట్టుండేది. ఆ మాట ఒక్క కరుణమ్మ గారికే చెప్పాను. ఆమె భయపడలేదు, వాక్యం చదివి పంపేయలేదు. ప్రార్థించి, మర్నాడే బస్సెక్కించి కాకినాడలో మనసు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. తిరిగి వస్తున్నప్పుడు అడిగారు, "సంఘంలో ప్రార్థన చేయించమంటావా అమ్మాయ్?"

"ఒద్దండి. బడిలో తెలిస్తే తీసేస్తారు."

"సరే. మనసు మారితే నువ్వే చెప్పు. అప్పటిదాకా ఇది నీది."

అలా నెలనెలా ఇద్దరం వెళ్ళేవాళ్ళం. ఆ రోజుల్లోనే మా సంఘపెద్ద జాన్‌బాబు గారు ఫోనులో ప్రార్థన గ్రూపు పెట్టారు. మంచి మనిషే. రోగి పేరు, ఫొటో, ఆస్పత్రి అన్నీ అందులో పెట్టేవారు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, నేను పక్కనుండగానే అడిగారు.

"కాకినాడలో మనసు డాక్టరు ఆస్పత్రి దగ్గర మిమ్మల్ని మావాళ్ళు చూశారటండి. ఎవరికండీ? పేరు పెడితే గ్రూపంతా ప్రార్థిస్తుంది."

"పెట్టొద్దన్నారు బాబూ."

"ప్రార్థన ఒద్దనే విశ్వాసి ఉంటారా అండి?"

"ప్రార్థన కాదు. చాటింపు ఒద్దన్నారు."

పేరు చెప్పలేదంటే రోగి ఆమేననుకున్నారేమో, ఆ సాయంత్రమే గ్రూపులో ఆమె ఫొటో వచ్చింది. మన కరుణమ్మ గారు మానసిక వ్యాధితో బాధపడుతున్నారు, భారంతో ప్రార్థించండి అని. దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. మరుసటి వారం ఆదివారపు బడికి పిల్లలు తగ్గారు. తరువాత "మీరు విశ్రాంతి తీసుకోండమ్మా" అని ఆ బడిని వేరొకరికి అప్పగించారు. నేను ఆమె ఇంటికి పరుగెత్తాను.

"నేను చెప్పేస్తానండి."

"నీకు చెప్పాలని ఉందా?"

నాకు బడి ఉద్యోగం గుర్తొచ్చింది.

"నా కోసమైతే ఒద్దు. సాక్ష్యం ఎవరిది వాళ్ళే చెప్పాలి, అదీ మనసారా" అన్నారు. ఆదివారాలు బడి వేళకు గుడివైపు నుంచి పిల్లల పాట వినిపిస్తే, ఆమె కిటికీ దగ్గర నిలబడి పెదవులు కదిపేవారు.

ఆమె జ్ఞాపకార్థ కూటంలో జాన్‌బాబు గారు, "మతి సరిగా లేకపోయినా విశ్వాసం వదలలేదు" అన్నారు. నేను లేచాను. "ఆమెకు ఏ జబ్బూ లేదండి. కాకినాడ వెళ్ళింది నా మాత్రల కోసం" అన్నాను. జాన్‌బాబు గారు గ్రూపులో పెట్టినది ఆ రోజే తీసేశారు. కానీ మొన్న తునిలో ఉండే మా బంధువు అదే ఫొటో నాకు పంపి, ఈ సహోదరికి ఇప్పుడెలా ఉందని అడిగింది. ఎన్ని ఊళ్ళు తిరిగిందో, తీసేయమని ఎవరిని అడగాలో తెలియదు.

బడిలో నన్ను తరగతుల నుంచి తప్పించి ఆఫీసు గదిలో కూర్చోబెట్టారు. గుడిలో నా సంగతి తెలియనివారు లేరు. పలకరిస్తారు, చాప మీద మాత్రం నా పక్కన కాస్త చోటు మిగిలిపోతుంది.

కాకినాడకు ఒంటరిగానే వెళ్తున్నాను. క్రితం నెల ఆస్పత్రి వరండాలో మా సంఘపు అమ్మాయి ఒకతె నన్ను చూసి గబుక్కున కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ప్రాణం లేచి వచ్చింది నాకు. మాట్లాడాలని, చెయ్యి పట్టుకోవాలని ఎంతో అనిపించింది. కానీ ఆమె ఇంకా నన్ను పిలవలేదు. గోడవైపు తిరిగి కూర్చున్నాను. ఆమె ఎక్కిన బస్సు కదిలేదాకా ఆగి, తరువాతి బస్సు ఎక్కాను.