ఇబ్రహీంపట్నంలో నేను కురిపించిన వాన

పోయిన వారం మా యాదమ్మక్క ఫోన్ చేసింది. అక్క అంటే మా పెద్దనాన్న కూతురు. ఇబ్రహీంపట్నం దాటి యాచారం వెళ్ళే దారిలో, రోడ్డు నుంచి రెండు కిలోమీటర్లు లోపలికి వాళ్ళ ఊరు. నాకు హయత్‌నగర్‌లో టెంట్ హౌస్ ఉంది కాబట్టి, ఆమె ఫోన్ చేసిందంటే ఎవరి పెళ్ళికో కుర్చీలు అడగడానికే. ఈసారి కుర్చీల మాట ఎత్తలేదు. "మల్లేశా, గురువారం పొద్దుగాల మా వాకిట్ల ఉండాలె. ఫ్రాన్సు నుంచి మేడమొస్తున్నది. నా పుస్తకంల ఒక్క రోజుది నమ్మేటట్టు లేదట. గా ఒక్క రోజు కోసం పుస్తకమంత పక్కకు పెడ్తరట" అంది. ఏ రోజని నేను అడగలేదు. ఆ రోజు సంగతి నాకంటే బాగా తెలిసినవాడు ఈ భూమ్మీద లేడు.

చదివేవాళ్ళకు ముందే చెప్పేస్తాను. అక్క వాకిట్లో ఒక వర్షమాపకం ఉంది. ఊళ్ళో అందరూ దాన్ని వానడబ్బా అంటారు. పన్నెండేళ్ళ కిందట ఇంగ్లండ్ నుంచి ఒక సారు వచ్చి పెట్టించాడు. వాన పడుతున్నా చెరువుల్లోకి నీళ్ళు ఎందుకు చేరడం లేదో తెలుసుకోవడం ఆయన పని. ఆ పనిలో ఇంగ్లండ్, ఫ్రాన్స్, జర్మనీ వాళ్ళు కలిసి ఉండేవాళ్ళు. అందరికీ యూరోపియన్ యూనియన్ నుంచే డబ్బు వచ్చేది. అక్క రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు డబ్బా తెరిచి, లోపలి నీళ్ళు గాజు గ్లాసులో పోసి, ఎన్నో గీత దాకా వచ్చాయో పుస్తకంలో రాస్తుంది. వాన లేకపోతే సున్నా రాస్తుంది. మూడు నెలలకోసారి జర్మనీ అమ్మాయి ఒకామె, తెలుగు తెలిసిన మనిషిని వెంటబెట్టుకొని వచ్చి, అరుగు మీద కూర్చొని పుస్తకం మొత్తం చదివించుకునేది. తర్వాత బ్రిటన్ ఆ యూనియన్ నుంచి బయటికి వచ్చేసింది. అమ్మాయి రావడం ఆగిపోయింది. రోజూ ఫోన్లో అంకె ఒక్కటి పంపితే చాలని అక్కకు కబురు వచ్చింది.

ఆ మరుసటి ఎండాకాలంలో నేను చుట్టపుచూపుగా వెళ్ళాను. ఆకాశంలో మొగులు ముక్క లేదు. అక్క లోపల అన్నం వండుతోంది. వాకిట్లో చెంబు ఉంది, చెంబులో నీళ్ళున్నాయి, పక్కనే డబ్బా ఉంది. పోశాను. మర్నాడు నలభై రెండు మిల్లీమీటర్ల వాన ఇబ్రహీంపట్నం నుంచి ఇంగ్లండుకు వెళ్ళింది. ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి, అంత పెద్ద దేశానికి టోపీ పెట్టానని చాలాకాలం టెంట్లు కడుతూ నవ్వుకున్నాను. పదిమందికి చెప్పాను కూడా. అక్కకు మాత్రం చెప్పలేదు.

గురువారం ఐదున్నరకు హయత్‌నగర్‌లో బస్సెక్కి ఎల్బీనగర్‌లో దిగాను. అక్కడి నుంచి సాగర్ రోడ్డు మీద ఇబ్రహీంపట్నం బస్సులు పొద్దున్నే వరసగా ఉంటాయి. ఆరుంపావుకు ఒకటి దొరికింది. కండక్టరమ్మ నా పక్కనున్న ఆడవాళ్ళందరికీ సున్నా టికెట్టు కొట్టి నా దగ్గరికి వచ్చింది. "నాక్కూడ ఒక సున్నా కొట్టక్కా" అన్నాను. "చీర కట్టుకొని, ఆధార్ కార్డు పట్టుకొని రా అన్నా, కొడ్త" అని నలభై రూపాయలు తీసుకుంది. బస్సంతా నవ్వింది. తుర్కయాంజాల్ దాటాక ఇళ్ళు పలచబడతాయి. కొత్త వెంచర్ల గేట్లు కనిపిస్తాయి, వాటి వెనక ఇళ్ళు మాత్రం ఇంకా కనిపించవు. ఏడూ పదికి ఇబ్రహీంపట్నంలో దిగాను.

బస్టాండు ఎదురుగా ఇడ్లీ బండి ఉంది. ప్లేటు ముప్పై, చాయ్ పది. పల్లీ చట్నీ బాగుంటుంది, ఎనిమిది దాటితే మిగలదు. అక్కడి నుంచి యాచారం వైపు షేర్ ఆటోలు తిరుగుతాయి. ఊరి మలుపు దాకా ముప్పై, లోపలికి దింపాలంటే ఇంకో యాభై. నేను లోపలికే మాట్లాడుకున్నాను. డ్రైవరుకు పాతికేళ్ళుంటాయి.

"ఎవలింటికన్నా?" అన్నాడు.

"సాక్ష్యం చెప్పెటందుకు పోతున్న."

"అమ్మో, ఏం కేసన్నా?"

"చెంబెడు నీళ్ళ కేసు."

"నీళ్ళ పంచాయతా? గట్లయితే ఇయ్యాల తేలదు. మా తాతలది ఇంక నడుస్తనే ఉన్నది. వాపసు పోయెటప్పుడు ఫోన్ చెయ్యి" అని నంబరు కూడా ఇచ్చాడు.

ఎనిమిదింపావుకు వాకిట్లోకి వెళ్ళేసరికి కారు ఒకటి ఆగి ఉంది. ఫ్రాన్సు మేడం పేరు క్లేర్. నలభై ఏళ్ళుంటాయి, జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, అరుగు మీద మఠం వేసుకొని కూర్చుంది. ఆమె మాటలు తెలుగు చేసి చెప్పడానికి వచ్చిన సుజాత మేడం వనస్థలిపురంలో ఉంటారు, వాళ్ళ పెద్దవాళ్ళది గుంటూరు వైపు. పాత వానడబ్బా పక్కన అట్టపెట్టెలో కొత్త యంత్రం ఉంది. అది మనిషితో పని లేకుండా తనే వాన కొలిచి, తనే పంపుతుందట. దాన్ని ఇక్కడ పెట్టాలా, యాచారంలో ఏదైనా మేడ మీద పెట్టాలా అనేది ఆ రోజే తేలాలి. అక్కడ పెడితే ఇక్కడి డబ్బా తీసేస్తారు. పన్నెండేళ్ళ పుస్తకం అక్క ట్రంకుపెట్టెలోకి పోతుంది.

"ఇంగ్లండ్ సారునే అడగరాదా మేడం? పెట్టింది ఆయనే కద" అన్నాను సుజాత మేడంతో.

"అదేనండీ చిక్కు. వాళ్ళు విడిపోయాక, కలిసి అర్జీ పెడితే డబ్బు వస్తుందో రాదో ఎవరికీ తెలీలేదు. అలా కొన్నేళ్ళు గడిచిపోయాయి. ఇప్పుడు మళ్ళీ కలిసి పని చేసుకోవచ్చని కాగితాలు రాసుకున్నారు. కాగితాలైతే తిరిగొచ్చాయి గానీ, మనుషులు రాలేదండీ. ఆ సారు రిటైరైపోయారు. జర్మనీ అమ్మాయి ఏదో బీమా కంపెనీలో చేరిందట. క్లేర్ గారి చేతికి వచ్చినవి అంకెలు మాత్రమే."

క్లేర్ తన కంప్యూటరు తిప్పి చూపించింది. అంకెలన్నీ చుక్కలుగా ఉన్నాయి. ఎండాకాలంలో అన్నీ నేలకు అంటుకుని ఉంటే, ఒక్క చుక్క మాత్రం పైకి ఎగిరి నిలబడింది. నా చుక్క. చుట్టుపక్కల ఏ డబ్బాలోనూ ఆ రోజు వాన లేదని సుజాత మేడం చెప్పారు. "ఒక్కటి ఇలా ఉంటే మిగతావాటిని ఎలా నమ్మాలని ఆవిడ ప్రశ్న" అన్నారు.

అక్క ఆ మాట పూర్తిగా వినలేదు. గడియారం చూసి లేచింది. డబ్బా తెరిచింది, గ్లాసు వెలుతురుకు ఎత్తి పట్టుకుంది, "సున్నా" అని లోపలికి వెళ్ళింది. తన పని ఉంటుందా ఊడుతుందా అని విదేశం నుంచి మనిషి వచ్చి లెక్క తేలుస్తుంటే, ఆ టైముకు ఆ పని చేసి వెళ్ళిపోయే మనిషి ఆమె. సరదా మాట ఒకటి నోటిదాకా వచ్చింది గానీ, ఆ సున్నా విన్నాక బయటికి రాలేదు.

"మేడం, గది వాన గాదు. నేను పోసిన" అన్నాను.

సుజాత మేడం నా వైపు చూశారు. "ఇది ఆవిడకి ఎలా చెప్పమంటారండీ?"

"ఉన్నదున్నట్టు చెప్పుండ్రి. చెంబుతోని పోసిన. మజాకుకు."

ఆమె చెప్పారు. క్లేర్ నవ్వలేదు, కోప్పడలేదు. చెంబు ఎంత పెద్దది, ఏ పూట పోశాను, మొత్తం లోపలికే పోయిందా, బయట ఒలికిందా అని ఒక్కొక్కటే అడిగి రాసుకుంది. పోలీసోళ్ళు కూడా అంత ఓపికగా అడగరు. చివరికి ఏదో అంది. సుజాత మేడం గొంతు తగ్గించి, "అక్కగారి కోసం తమ్ముడు ఇలా చెప్పొచ్చు కదా అంటున్నారండీ. రుజువు ఏమైనా ఉందా?" అన్నారు.

జీవితంలో మొదటిసారి అబద్ధం కలపకుండా ఒక మాట చెప్పాను, దాన్ని నమ్మేవాళ్ళు లేరు. చేసిన వేషాలకు అది తగిన జీతమే.

అప్పుడు అక్క లోపలి నుంచి పుస్తకాలు తెచ్చింది. ఐదున్నాయి, అన్నింటికీ సిమెంటు సంచి కాగితంతో అట్టలు వేసి ఉన్నాయి. ఒకటి తీసి, వెతక్కుండానే పేజీ తిప్పి సుజాత మేడం ముందు పెట్టింది. తారీకు, అంకె, ఆ పక్కన ఇంకో గడి. ఆ గడిలో రాసింది ఆమె పైకి చదివారు. "నలభై రెండు. వాన గాదు. మొగులు లేదు. తమ్ముడు మల్లేశ్ చెంబెడు పోసిండు. ముసలోడైతున్నడు, బుద్ధి రాలే."

"నీకు తెల్సా అక్కా?" అన్నాను.

"చెంబు ఒక తాన, దాని మూత ఒక తాన. నువ్వు పొద్దుందాక పండ్లికిలిస్తనే ఉంటివి. తెల్వకుంటెట్లుంటది?"

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్తె ఇంకో చెంబు పోస్తుంటివి. ఇంగ్లండ్ సారు నాకు ఒక్కటే చెప్పిండు. 'డబ్బల ఎంతుంటె గంతే రాయమ్మా, నువ్వు దిద్దకు. ఎందుకున్నదో పక్కన రాయి' అన్నడు. రాసిన. ఆ జర్మనీ పిల్ల ఉంటే చదువుతుండె. ఫోన్ల అంకె ఒక్కటే పంపుమంటే అంకెనే పంపిన. అడగనిది నేనెందుకు చెప్పాలె?"

క్లేర్ మిగతా పేజీలు కూడా చదివించుకుంది. బర్రె కొమ్ము తగిలి డబ్బా ఒంగిన రోజు, పిట్ట పుల్లలు తెచ్చి గరాటులో పెట్టిన రోజు, అక్క దవాఖానలో ఉంటే పక్కింటి లచ్చమ్మ చూసి చెప్పిన వారం, అన్నీ ఉన్నాయి. ఆమె తన కంప్యూటరులో అనుమానం చుక్కలు ఒక్కొక్కటిగా చూపిస్తుంటే, అక్క పుస్తకం ఒక్కొక్కదానికి జవాబు చెబుతోంది. నా చెంబుతో మొదలైన పంచాయతీ గంటన్నర నడిచింది. అక్క మధ్యలో అందరికీ జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. పచ్చిపులుసు క్లేర్ రెండుసార్లు వేయించుకుంది.

ఒక చిక్కు మిగిలింది. పాత అంకెలు ఇంగ్లండ్ వాళ్ళవి, వాళ్ళ అనుమతి కాగితం లేకుండా వాడుకోకూడదట. మరి పుస్తకం ఎవరిదని క్లేర్ అడిగింది. దానికి అక్క చెప్పిన జవాబు ఇది. "మా మామోళ్ళు ముగ్గురు అన్నదమ్ములు. ఇల్లు పంచుకున్నరు, చెలక పంచుకున్నరు, ఆఖరుకు బర్రెలను గూడ పంచుకున్నరు. బాయిని పంచలే. నడిమికి గోడ కడితే నీళ్ళాగుతయా? ఒకనికి సోమారం, ఒకనికి మంగళారం, వంతులు పెట్టుకున్నరు. మీరు గూడ గంతే. ఇంగ్లండోళ్ళు వస్తే ఆళ్ళు సూస్కుంటరు, మీరొస్తే మీరు సూస్కోండ్రి. పుస్తకం మాత్రం నా ఇంట్లనే ఉంటది."

సుజాత మేడం అది చెప్పడానికి చాలాసేపు పట్టింది. క్లేర్ విని, అట్టపెట్టె దగ్గరికి వెళ్ళి అతికించిన పట్టీ చింపింది. కొత్త యంత్రం యాచారం వెళ్ళలేదు. పాత డబ్బాకు నాలుగు అడుగుల దూరంలో నిలబడింది. ఈ వానాకాలమంతా రెండూ పక్కపక్కనే కొలుస్తాయి, అంకెతో పాటు పక్క గడి కూడా ఫొటో తీసి అక్క పంపాలి, తెలుగు చదివి చెప్పే పని సుజాత మేడానిది. ఇంగ్లండుకు అనుమతి కోసం ఉత్తరం రాస్తారు. జవాబు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. నాతో ఆ పాత పేజీలో నా పేరు కింద సంతకం పెట్టించారు. ఇన్నేళ్ళలో టెంట్ల కిరాయి రసీదులు కాకుండా నేను సంతకం పెట్టిన కాగితం అదొక్కటే.

వాపసు ఆటోలో కూర్చున్నాక దేశాలు విడిపోవడం గురించి కాసేపు ఆలోచించాను. మా రాష్ట్రం కూడా విడిపోయింది, అందుకే విడిపోవడం తప్పని నేననను. ఎవరి కారణాలు వాళ్ళకుంటాయి. అయితే విడిపోయేటప్పుడు పెద్ద పెద్దవి అన్నీ కాగితం మీదకు ఎక్కుతాయి, అరుగు మీద కూర్చొని పక్క గడి చదివే మనిషి ఎక్కదు. ఆ మనిషి పోయినట్టు కూడా ఎవరికీ తెలియదు. అంకెలు రోజూ వస్తూనే ఉంటాయి. నా నలభై రెండు అలాగే వెళ్ళింది, ఇన్నేళ్ళు అక్కడే నిలబడింది. టోపీ పెట్టింది నేననుకున్నాను గానీ, అడిగే మనిషి లేని చోట ఎవడైనా పెట్టగలడు.

మీరు అటు వెళ్ళేటట్టయితే ఒక్క మాట. ఎల్బీనగర్‌లో ఆరున్నర లోపు బస్సెక్కండి, ఆ తర్వాత ఇబ్రహీంపట్నంలో పల్లీ చట్నీ దొరకదు, ఎనిమిదిన్నరకు ఏ వాకిట్లోకీ చేరలేరు. చేరాక ఎక్కడైనా వానడబ్బా కనిపిస్తే చేతులు వెనక్కి కట్టుకోండి. నేను బయల్దేరేటప్పుడు అక్క ఆ రోజు పేజీ తీసి, సున్నా పక్క గడి నింపింది. తొంగి చూశాను. "మల్లేశ్ వచ్చి పోయిండు. డబ్బ ముట్టలే" అని ఉంది.